పదిహేను గంటలు సరిపోలేదు, ఎనిమిది నిమిషాలు సరిపోయాయి

1960 మే 22 మధ్యాహ్నం దక్షిణ అమెరికాలో చిలీ తీరాన్ని 9.5 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. పరికరాలతో కొలిచిన భూకంపాల్లో ఇప్పటికీ ఇదే పెద్దది. అక్కడ పుట్టిన సునామీ పసిఫిక్ మహాసముద్రం దాటి హవాయి దీవుల్లోని హీలో పట్టణానికి చేరడానికి దాదాపు పదిహేను గంటలు పట్టింది. ఈలోపు హెచ్చరిక కేంద్రం లెక్కలు కట్టింది, అర్ధరాత్రి వేళకు అల వస్తుందని ముందే చెప్పింది. రాత్రి ఎనిమిదిన్నరకి సైరన్లు మోగాయి. అల చెప్పిన వేళకే వచ్చింది. హీలోలో 61 మంది చనిపోయారు.

2004 డిసెంబర్ 26న ఇండోనేషియాలోని సుమత్రా దీవి దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాని కేంద్రానికి దగ్గర్లోనే సిమియులుయె అనే దీవి ఉంది. ఆ దీవి ఉత్తర కొసన ఉన్న లాంగి అనే ఊరికి, భూమి ఊగడం ఆగాక అల రావడానికి పట్టిన టైమ్ సుమారు ఎనిమిది నిమిషాలు. సైరన్ లేదు, ఫోన్‌కి మెసేజ్ రాలేదు, ఏ ఆఫీసు నుంచీ కబురు లేదు. అలలు పది మీటర్లు దాటి లేచాయి, ఊరు నేలమట్టమైంది. లాంగిలో ఉన్న ఎనిమిది వందల మందిలో ఒక్కరూ పోలేదు. మొత్తం దీవి జనాభా 78,000 దాకా ఉంటే చనిపోయింది ఏడుగురు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసార్లు ఆలోచించాను. సునామీ విధ్వంసం గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఎక్కువగా అల ఎత్తు, భూకంపం తీవ్రత, హెచ్చరిక ఎన్ని నిమిషాల్లో వచ్చింది అన్న లెక్కల్లోనే ఉండిపోతాం. అవన్నీ కావాలి. కానీ అల వచ్చాక ఎంతమంది మిగులుతారన్నది ఒడ్డున ఉన్న మనిషికి ఆ కొద్ది నిమిషాల్లో ఏం చెయ్యాలో తెలుసా లేదా అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంది. ఆ తెలివిడిని పెంచడం మీద పెట్టే శ్రద్ధ, పరికరాల మీద పెట్టే శ్రద్ధలో నాలుగో వంతు కూడా లేదని నా అభిప్రాయం.

అసలు సునామీ ఎలా పుడుతుందో కొంచెం చెప్పుకోవాలి. దాని స్వభావం అర్థమైతే తప్ప ఎందుకు పరిగెత్తాలో, ఎటు పరిగెత్తాలో మనసుకి ఎక్కదు.

సముద్రం అడుగున కొన్నిచోట్ల ఒక భూఫలకం (భూమి పైపొరలోని పెద్ద రాతి పలక) పక్క ఫలకం కిందికి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున దూరుతూ ఉంటుంది. సాఫీగా జారిపోతే గొడవే లేదు. రెండూ పట్టేసుకున్న చోట మాత్రం కిందికి వెళ్లే ఫలకం పైదాని అంచుని కూడా తనతో లాక్కుపోతుంది. పై ఫలకం వంచిపట్టిన ప్లాస్టిక్ స్కేలులా వందల ఏళ్లపాటు వంగుతూనే ఉంటుంది. పట్టు తప్పిన రోజున ఆ అంచు ఒక్కసారిగా పైకి లేస్తుంది. 2004లో అలా తెగిన పొడవు 1,200 కిలోమీటర్లు దాటింది. సముద్రపు అడుగు కొన్ని మీటర్లు లేచిందంటే దాని మీద ఉన్న కిలోమీటర్ల లోతు నీరంతా లేచినట్టే. లేచిన నీరు మళ్లీ సర్దుకునే క్రమంలో నాలుగు వైపులకీ పాకే అలే సునామీ.

గాలికి లేచే కెరటం నీటి పైపొరల్లోనే ఉంటుంది, కాస్త లోతుకి వెళ్తే దాని జాడ తెలియదు. సునామీలో అడుగు నుంచి పైదాకా మొత్తం నీరు కదులుతుంది. దాని వేగం లోతుని బట్టి ఉంటుంది. నాలుగు వేల మీటర్ల లోతులో గంటకి 700 కిలోమీటర్లు, అంటే దాదాపు విమానం వేగం. అంత వేగంగా పోతున్నా నడిసముద్రంలో ఓడ మీదున్నవాళ్లకి తెలియదు, ఎందుకంటే ఒక అల శిఖరానికీ ఇంకో శిఖరానికీ మధ్య దూరం వందల కిలోమీటర్లు, ఎత్తు మాత్రం మీటరు లోపే. 2004లో భూకంపం వచ్చిన రెండు గంటలకి జేసన్-1 అనే ఉపగ్రహం ఆ మీదుగా వెళ్తూ ఈ అలని కొలిచింది. నడి హిందూ మహాసముద్రంలో దాని ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. 14 దేశాల్లో 2 లక్షల 20 వేల మందికి పైగా ప్రాణాలు తీసిన అల, అక్కడ మనిషి నడుము ఎత్తు కూడా లేదు.

తీరం దగ్గరపడి లోతు తగ్గేకొద్దీ ముందున్న నీరు నెమ్మదిస్తుంది, వెనకాల నీరు ఇంకా తోసుకొస్తూనే ఉంటుంది. ఎటూ పోలేక పైకి లేస్తుంది. పది మీటర్ల లోతులో దాని వేగం గంటకి 36 కిలోమీటర్లు. ‘నెమ్మదించడం’ అంటే ఇదీ. ప్రపంచంలో ఏ మనిషీ ఆ వేగంతో ఒక నిమిషం పాటు పరిగెత్తలేడు. కాబట్టి అల కనిపించాక పరిగెత్తొచ్చులే అనుకోవడానికి వీల్లేదు. కనిపించకముందే కదలాలి.

2004 నాటి వీడియోలు ఎన్నో చూశాను. ప్రతిసారీ మనసుని పట్టేసేది ఒకటే, జనం నిలబడి చూస్తుంటారు. వాళ్లని తప్పు పట్టలేం. సునామీ అంటే గోడలా లేచి, వంపు తిరిగి మీద పడే అల అని మన బుర్రల్లో ఒక బొమ్మ ఉంది. చాలాచోట్ల అది అలా రాదు. మామూలు పోటులాగే నీరు వస్తుంది, ఆగాల్సిన చోట ఆగదు. చీలమండ దాకా, మోకాలి దాకా, తర్వాత కార్లు తేలుతుంటాయి. ఒక ఘనపు మీటరు నీటి బరువు టన్ను. వేగంగా కదిలే నీరు మోకాలి లోతున ఉన్నా పెద్దవాళ్లు కూడా నిలబడలేరు. దానికి తోడు అది ఒట్టి నీరుగా ఉండదు, దారిలో ఉన్న దూలాలు, రేకులు, పడవలు, గ్యాస్ సిలిండర్లు అన్నీ కలుపుకుని వస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా అందులో చనిపోయేది ఇందుకే. వెనక్కి పోయేటప్పుడు ఇంకో ప్రమాదం, వచ్చినదంతా వాలు వెంట సముద్రంలోకి లాక్కుపోతుంది.

2004లో సుమత్రా ఉత్తర కొసన ఆచే ప్రాంతంలోని బందా ఆచే పట్టణంలో 2,600 టన్నుల కరెంటు తయారీ నౌకని అల రెండు కిలోమీటర్లకి పైగా లోపలికి ఈడ్చుకొచ్చి ఇళ్ల మధ్య వదిలేసింది. ఇవాళ్టికీ అది అక్కడే ఉంది, జనం మెట్లెక్కి పైనుంచి ఊరు చూస్తారు. నీటికి ఎంత బలం ఉందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం కనిపించలేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సునామీ అంటే ఒక అల కాదు, వరస. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పది నిమిషాల నుంచి గంట దాకా తేడా ఉండొచ్చు, మొదటిదే పెద్దదన్న నియమం లేదు. హీలోలో ఆ రాత్రి పన్నెండు దాటాక వచ్చిన మొదటి అల చిన్నది. ‘ఇంతేనా’ అనుకుని కొందరు ఇళ్లకి తిరిగి వచ్చేశారు. కొందరైతే చూడ్డానికే ఒడ్డుకి వెళ్లారు. చంపింది మూడోది. ఆ ఊళ్లో ఒక గడియారం 1:04 దగ్గర ఆగిపోయింది. దాన్ని అలాగే ఉంచారు.

సముద్రం వెనక్కి వెళ్తే సునామీ వస్తుందని బళ్లలో చెబుతున్నారు. మంచిదే, కానీ సగమే నిజం. 2004లో థాయ్‌లాండ్ వైపు సముద్రం ముందు వెనక్కి తగ్గింది, శ్రీలంక వైపు మాత్రం నీరు ముందే ఎగదన్నుకుని వచ్చింది. తెగిన ఫలకానికి ఒక పక్క సముద్రపు అడుగు కుంగింది, రెండో పక్క లేచింది. ఏ పక్కన ఉన్నామన్న దాన్ని బట్టి మొదట కనిపించేది మారుతుంది. వెనక్కి తగ్గడం కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాడికి ఆ పాఠమే ప్రాణం మీదికి తెస్తుంది.

భూమి గట్టిగా ఊగితేనే ప్రమాదం అనుకోవడమూ అంతే. 1896లో జపాన్‌లోని సాన్రికు తీరంలో వచ్చిన భూకంపం జనానికి పెద్దగా తెలియలేదు, మెల్లగా, ఎక్కువసేపు ఊగింది. అరగంట గడిచాక వచ్చిన అలలు దాదాపు 22,000 మందిని మింగాయి. 1998లో పాపువా న్యూగినీలో భూకంప తీవ్రత 7 మాత్రమే. సముద్రం అడుగున మట్టిచరియ జారి పదిహేను మీటర్ల అల లేచింది, రెండు వేలకి పైగా చనిపోయారు. 2018 డిసెంబర్ 22 రాత్రి ఇండోనేషియాలో అనక్ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క కూలి సముద్రంలో పడింది. భూకంపం లేదు కాబట్టి హెచ్చరిక వ్యవస్థ నోరు మెదపలేదు. 430 మందికి పైగా చనిపోయారు. 1883లో దీని తల్లి పర్వతం క్రకటోవా పేలినప్పుడు పోయినవాళ్లు 36,000 పైమాటే, వాళ్లలో ఎక్కువమందిని చంపింది లావా కాదు, నీరు.

అందుకని తీరంలో ఉన్నవాళ్లకి నేర్పాల్సింది ఒక గుర్తు గురించి కాదు. భూమి నెమ్మదిగానైనా సరే చాలాసేపు ఊగడం, సముద్రం ముందుకో వెనక్కో వింతగా ప్రవర్తించడం, రైలో విమానమో వస్తున్నట్టు సముద్రం వైపు నుంచి హోరు. మూడింట్లో ఏ ఒక్కటి జరిగినా మిగతా రెండింటి కోసం ఆగకూడదు.

గోడల సంగతి కూడా చూద్దాం. జపాన్‌లో కమాయిషి రేవు ముందు 63 మీటర్ల లోతు నుంచి లేపిన అలగోడ కట్టారు, ప్రపంచంలోనే లోతైనదిగా పేరు పొందింది. 2009లో పూర్తయింది. 2011 మార్చి 11న జపాన్ ఈశాన్య తీరాన్ని కొట్టిన సునామీకి విరిగిపోయింది. పూర్తిగా వృథా అయ్యిందనను. అల ఎత్తుని కొంత తగ్గించింది, కొన్ని నిమిషాలు ఆపింది. తారో అనే ఊళ్లో పది మీటర్ల ఎత్తు గోడలుండేవి, అల వాటి మీదుగా దూకింది. ఫుదాయి అనే ఊళ్లో మాత్రం 15.5 మీటర్ల గేటు ఊరిని కాపాడింది. పాత సునామీల ఎత్తు మర్చిపోని ఆ ఊరి మేయర్ పట్టుబట్టి కట్టించిన గేటు అది. కట్టే రోజుల్లో ఇంత ఎత్తు దేనికని విమర్శించారు. గోడతో నాకున్న పేచీ ఒకటే. దాని వెనకున్నవాళ్లకి సముద్రం కనిపించదు, పైగా ధైర్యం ఎక్కువవుతుంది. గోడ తప్పకుండా కట్టండి, కానీ గోడ ఉంది కాబట్టి కదలక్కర్లేదన్న మాట మాత్రం ఊళ్లో పుట్టనివ్వకూడదు.

అదే రోజు ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం దగ్గర జరిగిందీ ఎత్తు లెక్కే. రియాక్టర్లు భూకంపానికి ఆగిపోయాయి, అంతవరకు పద్ధతిగానే జరిగింది. కొంపముంచింది బేస్‌మెంట్లలోకి చేరిన నీరు. అత్యవసర జనరేటర్లు మునిగాయి, చల్లబరచడానికి కరెంటు లేదు. ఆ కేంద్రం సిద్ధమైన అల ఎత్తు ఆరు మీటర్ల లోపు, వచ్చిన అల పద్నాలుగు మీటర్ల దాకా. భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా అణు కేంద్రం దాదాపు పదిహేను మీటర్ల ఎత్తున కట్టారు కాబట్టి నిలిచింది. ఇళ్లు పోయిన చుట్టుపక్కలవాళ్లు కొన్ని నెలలు అందులోనే తలదాచుకున్నారు.

ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది మాత్రం రెండు బళ్ల కథ.

ఒకటి జపాన్‌లోని ఒకావా ప్రాథమిక పాఠశాల. సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో నది పక్కన ఉండేది. మునిగే ప్రాంతాల మ్యాప్‌లో ఆ బడి సురక్షితం, అందుకే దాన్నే ఆశ్రయంగా కూడా నిర్ణయించారు. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కి భూమి ఊగింది. టీచర్లు పిల్లల్ని గ్రౌండులో వరసగా నిలబెట్టారు. బడి వెనకే గుట్ట ఉంది. ఆ గుట్ట మీదే పిల్లలు పాఠంలో భాగంగా పుట్టగొడుగులు పెంచేవాళ్లు, అంటే ఎక్కడం వాళ్లకి కొత్త కాదు. గుట్ట ఎక్కుదామని కొందరు పిల్లలు అడిగారు కూడా. పెద్దవాళ్లు ఎటు వెళ్లాలో తేల్చుకోలేక మాట్లాడుకుంటూ ఉండిపోయారు. దాదాపు యాభై నిమిషాల తర్వాత అల వచ్చింది. 74 మంది పిల్లలు, పదిమంది టీచర్లు చనిపోయారు. తర్వాత తల్లిదండ్రులు కోర్టుకి వెళ్లారు, ముందస్తు సన్నద్ధత లేకపోవడం తప్పేనని కోర్టు తేల్చింది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. యాభై నిమిషాలు, వెనకాల గుట్ట, రేడియోలో హెచ్చరిక, అన్నీ ఉన్నాయి. ‘ఊగితే ఎక్కు’ అన్న ఒక్క నిర్ణయం ముందే జరిగి లేదు.

రెండోది కమాయిషిలోని ఉనోసుమాయి ప్రాంతం. అక్కడి హైస్కూలు పిల్లలకి తొషితక కతద అనే ప్రొఫెసర్ కొన్నేళ్లుగా శిక్షణ ఇస్తూ వచ్చారు. మ్యాప్‌ని నమ్మొద్దు, చేతనైనంత పైకి వెళ్లు, నువ్వే ముందు కదులు అని నేర్పారు. ఆ రోజు పెద్ద పిల్లలు పరిగెత్తారు, వాళ్లని చూసి పక్కనున్న ప్రాథమిక బడి పిల్లలూ బయటికొచ్చారు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల చేతులు పట్టుకున్నారు. నిర్ణయించిన చోటికి చేరాక పక్కన కొండచరియ విరగడం చూసి అక్కడ ఆగకుండా ఇంకా పైకి, అక్కణ్ణుంచి మళ్లీ ఇంకా పైకి వెళ్లారు. వాళ్లు వదిలిన చోటు కాసేపటికే మునిగింది. కమాయిషిలో బడి పిల్లలు దాదాపు మూడు వేలమంది బతికారు. అదే ఉనోసుమాయిలో డ్రిల్స్ కోసం వాడే భవనంలోకి నమ్మకంగా వెళ్లినవాళ్లలో వందమందికి పైగా పోయారు. అది సునామీకి తగిన ఎత్తున లేదు. డ్రిల్‌కి సౌకర్యంగా ఉంటుందని దగ్గరి భవనంలో అలవాటు చేశారు, అసలు రోజు కాళ్లు అటే నడిచాయి. నేర్పడం ఎంత ముఖ్యమో, సరిగ్గా నేర్పడం అంత ముఖ్యం.

ఆ తీరంలో ‘తెండెంకో’ అనే పాత మాట ఉంది. సునామీ వస్తే ఎవరికి వాళ్లు కొండెక్కండి, ఎవరి కోసమూ ఆగొద్దు అని. మొదట విన్నప్పుడు చాలా కఠినంగా అనిపించింది. బిడ్డని వెతకకుండా ఏ తల్లి కొండెక్కుతుంది? 2004లో ఆచే ఊళ్లలో మగవాళ్లకన్నా ఆడవాళ్లు ఎక్కువగా పోయారు. చేపల వేటకెళ్లిన మగవాళ్లు లోతు నీటిలో ఉండి బతికారు, ఇళ్ల దగ్గరున్న ఆడవాళ్లు పిల్లల్ని, ముసలివాళ్లని పట్టుకుని పరిగెత్తలేకపోయారు. అయితే ఆలోచించే కొద్దీ తెండెంకోలో ఉన్నది స్వార్థం కాదని నాకు తెలిసింది. నా పిల్ల బడి నుంచే కొండెక్కి ఉంటుందని అమ్మకి నమ్మకం ఉండాలి, అమ్మ ఇంటి నుంచే ఎక్కి ఉంటుందని పిల్లకి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం అలకి ముందే, అన్నం తినేటప్పుడో మరెప్పుడో కూర్చుని మాట్లాడుకుంటేనే వస్తుంది. నడవలేని ముసలివాళ్ల సంగతి మాత్రం దీనితో తేలదు. వాళ్లని ఎవరు మోయాలో ఇరుగుపొరుగు కలిసి ముందే అనుకోవాల్సిందే.

మళ్లీ హీలో దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా వాదనకి ఎదురు ప్రశ్న అక్కడే ఉంది. హీలోకి అనుభవం లేక కాదు. 1946 ఏప్రిల్ 1న అల్యూషియన్ దీవుల దగ్గర పుట్టిన సునామీ హవాయిలో 159 మందిని చంపింది, వాళ్లలో ఎక్కువమంది హీలోవాళ్లే. పసిఫిక్ హెచ్చరిక కేంద్రం పుట్టిందే ఆ దెబ్బతో, 1949లో. అంటే పద్నాలుగేళ్ల కిందట చూసినవాళ్లు 1960లో బతికే ఉన్నారు. మరి జ్ఞాపకం ఎందుకు కాపాడలేదు?

నాకు తోచిన జవాబు ఇది. హీలో గుర్తుపెట్టుకున్నది జరిగిన ఘోరాన్ని. మధ్యలో 1952లో, 1957లో వచ్చిన సునామీలు అక్కడ ప్రాణాలు తీయకపోవడంతో ఆ గుర్తు మీద దుమ్ము పేరుకుంది. సైరన్ మోగితే అసలు ఏం చెయ్యాలో చాలామందికి స్పష్టంగా తెలియదు. సిమియులుయె గుర్తుపెట్టుకున్నది చెయ్యాల్సిన పనిని. 1907లో అక్కడ పెద్ద సునామీ వచ్చింది. బతికినవాళ్లు దానికి ‘స్మోంగ్’ అని పేరు పెట్టి, పిల్లల్ని జోకొట్టే పాటల్లో, అమ్మమ్మలు చెప్పే మాటల్లో కలిపేశారు. భూమి గట్టిగా ఊగి, సముద్రం తగ్గితే, సామాన్లు వదిలి గుట్టెక్కు. అంతే. 97 ఏళ్ల తర్వాత, ఆ 1907 అలని కళ్లతో చూసినవాళ్లు దాదాపు ఎవరూ లేనప్పుడు, ఎవరో ‘స్మోంగ్’ అని అరిస్తే ఊళ్లకి ఊళ్లు కదిలాయి. ఫలకం మళ్లీ తెగడానికి పట్టే కాలం మనిషి ఆయుష్షుకన్నా ఎక్కువ కాబట్టి, చూసినవాళ్ల భయం మీద ఆధారపడితే లాభం లేదు. చూడనివాళ్లకి కూడా అలవాటుగా అందాలి.

2025 జూలైలో రష్యా తూర్పు కొసన ఉన్న కమ్చత్కా దగ్గర 8.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు జపాన్‌లో పంతొమ్మిది లక్షలకి పైగా జనాన్ని ఎత్తైన చోట్లకి వెళ్లమన్నారు. అక్కడికి చేరిన పెద్ద అల ఒకటిన్నర మీటర్ల లోపే. అనవసరంగా హడావుడి చేశారని తర్వాత చాలామంది అనుంటారు. ఆ మాటే ప్రమాదం. ఆ రోజు ఎండలో గుట్టెక్కినవాళ్లు ఒక డ్రిల్ పూర్తి చేశారు, దాన్ని అలాగే లెక్కేసుకోవాలి. అదే రోజు రష్యాలోని సెవెరో-కురిల్స్క్ రేవు మునిగింది. 1952 సునామీలో ఆ ఊరు రెండు వేలమందికి పైగా మనుషుల్ని పోగొట్టుకుంది, తర్వాత ఇళ్లని మెరక మీదికి మార్చుకుంది. ఈసారి నీరు రేవు దాకానే వచ్చింది, ఇళ్లు పైన ఉన్నాయి.

ఇక ఏ పాటా ఏ అలవాటూ చేరని మనిషి ఒకడున్నాడు, టూరిస్టు. 2004లో థాయ్‌లాండ్‌లో చనిపోయిన సుమారు 5,400 మందిలో దాదాపు సగం విదేశీయులు. రెండు రోజుల కోసం వచ్చినవాళ్లు, ఎటు గుట్ట ఉందో తెలియనివాళ్లు. ఫుకెట్‌లో ఒక బీచ్‌లో మాత్రం పదేళ్ల బ్రిటిష్ అమ్మాయి నీటి మీద నురగ పొంగు చూసి, రెండు వారాల కిందట జాగ్రఫీ క్లాసులో విన్నది గుర్తొచ్చి, అమ్మానాన్నలతో గొడవపడి మరీ అందర్నీ లేపించింది. ఆ బీచ్‌లో ఎవరూ పోలేదు.

చాలా తీరప్రాంతపు హోటళ్లలో గది తలుపు వెనక, మంటలు వస్తే ఏ మెట్ల దారిన దిగాలో బొమ్మ అంటించి ఉంటుంది. సునామీ ముప్పు ఉన్న తీరాల్లో దాని పక్కనే ఇంకో బొమ్మ తప్పనిసరి చెయ్యాలి. మెరక ఎటుందో, నడిస్తే ఎన్ని నిమిషాలో, అంత టైమ్ లేకపోతే ఏ భవనం ఏ అంతస్తుకి ఎక్కాలో అందులో ఉండాలి. భూమి ఇరవై సెకన్లు దాటి ఊగితే సైరన్ కోసం ఆగొద్దని, ఎక్కాక అధికారులు చెప్పేదాకా కిందికి దిగొద్దని పెద్ద అక్షరాల్లో రాయాలి. గది తాళంచెవి ఇచ్చేటప్పుడు ఆ కాగితాన్ని చూపించి నోటితో చెప్పడానికి అర నిమిషం చాలు.